ఆ 40 మిల్లీ ఆంప్‌లు మీవి కావు

ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఒక పిన్ నుంచి ఎంత కరెంట్ తీసుకోవచ్చు? ఏ ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో అడిగినా ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే. "40 మిల్లీ ఆంప్‌లు!" యూట్యూబ్ వీడియోల్లోనూ అదే మాట. సీనియర్లు జూనియర్లకు చెప్పేదీ అదే.

ఆ అంకె తప్పేం కాదు. ఊనో మీద ఉండే ఏటీమెగా328పీ చిప్ డేటాషీట్‌లో నిజంగానే ఉంది. కాకపోతే అది ఏ హెడ్డింగ్ కింద ఉందో చూసేవాళ్లు తక్కువ. ఆ పట్టిక పేరు 'అబ్సల్యూట్ మాక్సిమమ్ రేటింగ్స్'. పక్కనే చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక కూడా ఉంటుంది. దాని సారాంశం మన మాటల్లో చెప్పుకుంటే ఇదీ: ఈ హద్దులు దాటితే చిప్ శాశ్వతంగా పాడవ్వచ్చు. ఈ హద్దుల దగ్గర చిప్ సరిగ్గా పనిచేస్తుందని మేం హామీ ఇవ్వట్లేదు. ఇక్కడ ఎక్కువకాలం ఉంచితే దాని మన్నిక దెబ్బతినొచ్చు.

అంటే 40 అనేది 'ఇంత వరకు వాడుకో' అని ఇచ్చిన అనుమతి కాదు. 'ఇక్కడి నుంచి గొయ్యి' అని పాతిన బోర్డు. రోడ్డు మీద గొయ్యి అంచునే బండి నడిపేవాళ్లు ఉండరు కదా. పిన్ విషయంలో మాత్రం సరిగ్గా ఆ అంచు మీదే సర్క్యూట్ గీస్తుంటాం.

షేర్ ఆటోని గుర్తు తెచ్చుకోండి. కాగితం మీద ముగ్గురు ప్యాసింజర్లు. ఎక్కేది ఎనిమిది మంది, డ్రైవర్‌కి అటూ ఇటూ ఇంకో ఇద్దరు. అయినా ఆటో కదులుతుంది. ఊరు చేరుస్తుంది కూడా. 'చేరింది కాబట్టి పర్లేదు' అనుకుంటాం. కానీ ఆ బరువు ఎక్కడికీ పోలేదు. స్ప్రింగుల్లో, బ్రేకుల్లో, చక్రం బేరింగుల్లో రోజూ కొంచెం కొంచెం జమ అవుతూనే ఉంది. పిన్ కూడా అంతే. 'ఎల్ఈడీ వెలిగింది, ఏమీ కాలేదు' అన్నది సరిపోయే రుజువు కాదు.

1 కి కూడా ఒక బరువుంది

నేను ఉద్యోగంలో రాసేది సాఫ్ట్‌వేర్. మా లోకంలో 1 అంటే 1, 0 అంటే 0. ఒక వేరియబుల్‌లో 1 పెట్టి దాన్ని పది ఫంక్షన్లకు పంపినా ఆ 1 అలసిపోదు, చిక్కిపోదు. అందుకే కోడ్ వైపు నుంచి హార్డ్‌వేర్‌లోకి వచ్చేవాళ్లకి ఈ సంగతి వెంటనే తట్టదు. పిన్‌ని 'హై' చేసే లైన్ ఒక ఎల్ఈడీకి రాసినా, మోటార్‌కి రాసినా అక్షరం కూడా తేడా ఉండదు. కంపైలర్ దేనికీ అభ్యంతరం చెప్పదు. హద్దు దాటితే ఎర్రర్ మెసేజ్ రాదు.

కానీ పిన్ వెనక ఉన్నది ఒక జత చిన్న ట్రాన్సిస్టర్లు. 'హై' అన్నప్పుడు పైది తెరుచుకుని పిన్‌ని 5 వోల్ట్‌ల లైన్‌కి కలుపుతుంది. 'లో' అన్నప్పుడు కిందది తెరుచుకుని గ్రౌండ్‌కి కలుపుతుంది. ఈ ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకున్నా దానికంటూ కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. అందులోంచి ఎంత కరెంట్ లాగితే అంత వోల్టేజ్ అక్కడే పోతుంది, అంత వేడి అక్కడే పుడుతుంది.

ఈ మాటకి కూడా డేటాషీట్‌లోనే లెక్క దొరుకుతుంది. ఏటీమెగా328పీ 5 వోల్ట్‌ల మీద నడుస్తూ, ఒక పిన్ నుంచి 20 మిల్లీ ఆంప్‌లు ఇస్తున్నప్పుడు, 85 డిగ్రీల వేడిలో కూడా పిన్ మీద కనీసం 4.2 వోల్ట్‌లు ఉంటాయని కంపెనీ మాటిస్తోంది. అంటే 0.8 వోల్ట్‌ల దాకా లోపలే ఖర్చయిపోవచ్చు. ఓమ్ సూత్రం వేస్తే లోపలి రెసిస్టెన్స్ దాదాపు 40 ఓమ్‌ల వరకు ఉండొచ్చన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ పరీక్షించి, వోల్టేజ్ ఇంత ఉంటుందని చెప్పిన అంకె 20 దగ్గర ఆగిపోయింది. 40 దగ్గర ఏ హామీ లేదు. ఆర్డుయినో సంస్థ కూడా ఊనో వివరాల్లో పిన్‌కి 20 మిల్లీ ఆంప్‌లు అనే రాస్తుంది. కాబట్టి ఊనోతో డిజైన్ చేసేటప్పుడు మీ పై హద్దు 20. రోజువారీ వాడకానికి 10 లోపు ఉంటే నిశ్చింత.

ఎల్ఈడీకి ఇది చిన్న లెక్కే. ఎర్ర ఎల్ఈడీ మీద సుమారు 2 వోల్ట్‌లు పడతాయి. 5 లోంచి 2 తీస్తే 3. 330 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 9 మిల్లీ ఆంప్‌లు. 220 పెడితే 13.6. ఇప్పటి ఎల్ఈడీలు 2 మిల్లీ ఆంప్‌లకే గదిలో చక్కగా కనిపిస్తాయి. ఊరికే సూచన కోసమైతే 1 కిలోఓమ్ పెట్టినా వెలుతురుకి లోటు లేదు. రెసిస్టరే లేకుండా పెడితే? అప్పుడు కరెంట్‌ని ఆపేది పిన్ లోపలి ఆ కాస్త రెసిస్టెన్స్ మాత్రమే. పోలీసు లేని కూడలిలో ట్రాఫిక్ వదిలేసినట్టు.

కొందరు ఇక్కడ తెలివి చూపిస్తారు. 'రెసిస్టర్ ఎందుకు, పీడబ్ల్యూఎంతో సగం సేపే వెలిగిస్తే సగటు కరెంట్ సగమే కదా' అంటారు. సగటు సగమే. కానీ వెలిగిన ఆ సగం సేపు పిన్ మోసేది పూర్తి కరెంటే. హద్దు రాసింది ఆ పూర్తి కరెంట్‌కి, మన సగటుకి కాదు.

అందరూ ఒకేసారి గీజర్ వేస్తే

ఒక్కో పిన్ లెక్క సరిగ్గా వేసుకున్నవాళ్లు కూడా దెబ్బతినే చోటు ఇంకోటి ఉంది. అది మొత్తం.

అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాట్ వాళ్లూ తమ హద్దు దాటలేదు. కానీ చలికాలం ఉదయం ఆరున్నరకి అందరూ ఒకేసారి గీజర్లు వేశారు. కింద మెయిన్ ఎగిరింది. తప్పెవరిది అంటే ఎవరిదీ కాదు, అందరిదీ. చిప్‌లో ఆ మెయిన్ లాంటివి విద్యుత్ పిన్, గ్రౌండ్ పిన్. ఏ పిన్ నుంచి కరెంట్ బయటికి వెళ్లినా అది విద్యుత్ పిన్ ద్వారానే లోపలికి రావాలి. ఏ పిన్‌లోకి కరెంట్ వచ్చినా గ్రౌండ్ పిన్ ద్వారానే పోవాలి.

ఏటీమెగా328పీకి ఈ దారుల గరిష్ఠ హద్దు 200 మిల్లీ ఆంప్‌లు. ఊనో మీద 14 డిజిటల్ పిన్‌లు, 6 అనలాగ్ పిన్‌లు, మొత్తం 20. ఒక్కోటి 'భద్రమైన' 20 మిల్లీ ఆంప్‌లు ఇస్తే మొత్తం 400. హద్దుకి సరిగ్గా రెట్టింపు! ప్రతి పిన్ నిబంధన పాటించింది, చిప్ మాత్రం ప్రమాదంలో పడింది.

ఇంకాస్త లోతుగా చూస్తే పిన్‌లకు గుంపులవారీ హద్దులు కూడా ఉన్నాయి. ఊనో నంబర్లలో చెప్పాలంటే, కరెంట్ బయటికి ఇచ్చేటప్పుడు 0 నుంచి 4 వరకు పిన్‌లు, ఏ0 నుంచి ఏ5 వరకు పిన్‌లు కలిపి 150 దాటకూడదు. 5 నుంచి 13 వరకు కలిపి ఇంకో 150. కరెంట్ లోపలికి లాక్కునేటప్పుడు మూడు గుంపులు: 0 నుంచి 4, 5 నుంచి 13, ఏ0 నుంచి ఏ5. ఒక్కో గుంపుకి 100. పది ఎల్ఈడీల వరస కడుతున్నారంటే అన్నింటినీ పక్కపక్క పిన్‌లకే కట్టకుండా రెండు గుంపులకీ పంచండి. ఖర్చు లేని జాగ్రత్త.

8051 గుర్తుందా?

మనలో ఈసీఈ, ఈఈఈ చదివిన చాలామందికి మొదటి మైక్రోకంట్రోలర్ 8051 కుటుంబమే. ల్యాబ్‌లో మొదటి ప్రయోగం ఒక పోర్ట్‌కి ఎనిమిది ఎల్ఈడీలు కలిపి వరసగా పరిగెత్తించడం. ఆ కుటుంబంలో మన దగ్గర బాగా వాడిన చిప్ ఏటీ89ఎస్52. దాని డేటాషీట్ ఏమంటుందో చూడండి.

ఒక పిన్ లోపలికి లాక్కోగలిగేది గరిష్ఠంగా 10 మిల్లీ ఆంప్‌లు. ఎనిమిది పిన్‌ల పోర్ట్ 0 మొత్తానికి 26. పోర్ట్ 1, 2, 3 ఒక్కోదానికి 15. అన్నీ కలిపి 71.

ఇప్పుడు పోర్ట్ 1కి ఎనిమిది ఎల్ఈడీలు, 330 ఓమ్‌ల రెసిస్టర్లతో కట్టామనుకుందాం. ఒక్కోటి సుమారు 9. పిన్ హద్దు 10 కాబట్టి ఒక్కో పిన్ పాస్. ఎనిమిదీ ఒకేసారి వెలిగిస్తే 72. పోర్ట్ హద్దు 15! దాదాపు ఐదు రెట్లు. ఒక ఎల్ఈడీ పరిగెత్తుతున్నంతసేపు అంతా బాగుంటుంది. 'అన్నీ వెలిగించు' అన్న ఒక్క లైన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. అదే 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్లయితే ఒక్కోటి 1.4 లోపు, ఎనిమిదీ కలిపి 11. అప్పుడు పాస్. లేదంటే మధ్యలో ఒక బఫర్ చిప్ ఉండాలి.

ఈ చిప్‌లో ఇంకో విశేషం ఉంది. పోర్ట్ 1, 2, 3 పిన్‌లు కరెంట్‌ని లాక్కోవడంలో చూపే బలం, ఇవ్వడంలో చూపవు. 'హై' అన్నప్పుడు అవి ఇవ్వగలిగేది కొన్ని పదుల మైక్రో ఆంప్‌లే. అందుకే 8051 పుస్తకాల్లో ఎల్ఈడీని 5 వోల్ట్‌ల వైపు కట్టి, పిన్ 'లో' అయినప్పుడు వెలిగేలా గీస్తారు. 'ఇదేంటి, తలకిందులుగా ఉంది' అని అప్పట్లో అనిపించి ఉంటే, కారణం ఇదే.

బోర్డు చూడ్డానికి ఒకటే, హద్దు వేరు

2023లో ఆర్డుయినో ఊనో ఆర్4 వచ్చింది. ఆకారం పాతదే, పిన్‌ల వరస పాతదే, 5 వోల్ట్‌లే. పాత షీల్డ్ దాని మీద కూర్చుంటుంది. లోపల చిప్ మాత్రం రెనెసాస్ కంపెనీది. పిన్‌కి హద్దు ఎంతో తెలుసా? 8 మిల్లీ ఆంప్‌లు.

ఇప్పుడు పదేళ్ల నాటి ట్యుటోరియల్ చూసి 220 ఓమ్‌లతో ఎల్ఈడీ కట్టారనుకోండి. లెక్క ప్రకారం 13.6. పాత ఊనోకి అది మామూలు విషయం. ఆర్4కి హద్దు దాటినట్టే. అదే 470 ఓమ్‌లయితే 6.4. వీడియోలో ఉన్న బోర్డు, మీ చేతిలో ఉన్న బోర్డు ఒకేలా కనిపించినంత మాత్రాన ఒకటి కావు.

మిగతావీ ఒకసారి చూద్దాం. నోడ్‌ఎంసీయూ బోర్డుల్లో ఉండే ఈఎస్‌పీ8266 చిప్‌కి ఒక పిన్ గరిష్ఠం 12. ఎస్‌టీఎం32ఎఫ్103, అంటే 'బ్లూ పిల్' బోర్డుల్లో ఉండే చిప్, ఒక పిన్‌కి 25 అని చెబుతుంది. కానీ అందులోనే పీసీ13, 14, 15 అనే మూడు పిన్‌లకు మాత్రం 3 మిల్లీ ఆంప్‌లే. ఒకే చిప్, పక్కపక్క పిన్‌లు, ఎనిమిది రెట్లకు పైగా తేడా.

రాస్ప్‌బెర్రీ పై పికో మీద ఉండే ఆర్‌పీ2040 చిప్‌కి అన్ని పిన్‌లూ కలిపి బయటికి ఇచ్చే కరెంట్ 50 దాటకూడదు. పికో అంచుల మీద మనకు దొరికే జీపీఐఓ పిన్‌లు 26. సమానంగా పంచితే ఒక్కోదానికి 2 కూడా రావు. ఇక్కడ ఇంకో అపోహ కూడా ఉంది. పికోలో, పెద్ద రాస్ప్‌బెర్రీ పైలో 'డ్రైవ్ స్ట్రెంత్' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. పికోలో 2, 4, 8, 12 మిల్లీ ఆంప్‌లు, పైలో 2 నుంచి 16 వరకు. దాన్ని 4కి పెడితే చిప్ 4 దగ్గర కరెంట్ ఆపేస్తుందని కొందరు నమ్ముతారు. ఆపదు. 'ఇంత కరెంట్ వరకు తీసుకుంటే హై, లో వోల్టేజ్‌లు సరైన మోతాదులో ఉంటాయి' అని మాత్రమే దాని అర్థం. మీరు ఇంకా ఎక్కువ లాగితే అది ఇస్తూనే ఉంటుంది, వోల్టేజ్ జారిపోతూ ఉంటుంది. అది ఫ్యూజ్ కాదు.

చచ్చిన బోర్డు నయం, సగం చచ్చిన పిన్‌తోనే కష్టం

పిన్ మీద భారం ఎక్కువైతే పొగ వస్తుందనుకుంటాం. పొగ వస్తే అదృష్టమే, కారణం కళ్లకు కనబడుతుంది. చాలాసార్లు పొగ రాదు.

నాకు తమ్ముడి వరస అయ్యే అబ్బాయి బీటెక్ ఫైనలియర్. ప్రాజెక్ట్ రివ్యూకి నాలుగు రోజుల ముందు ఫోన్ చేశాడు. "అన్నా, కోడ్ ఒకసారి చూస్తావా? మూడుసార్లు తిరగరాశా. పిన్ 8 సరిగ్గా పనిచేయట్లేదు."

కోడ్‌లో ఏమీ లేదు. "అంతకుముందు ఆ పిన్‌కి ఏం కలిపావురా?" అని అడిగా.

"రిలే అన్నా. మాడ్యూల్ దొరకలేదు, విడి రిలే ఒకటి తెచ్చి డైరెక్ట్‌గా కలిపా. ఒక్కోసారి కొట్టుకునేది, ఒక్కోసారి కొట్టుకునేది కాదు. అందుకే తీసేశా."

విషయం అక్కడే ఉంది. మన షాపుల్లో దొరికే నీలం రంగు 5 వోల్ట్‌ల రిలే కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 70 ఓమ్‌లు. అంటే అది కోరేది 71 మిల్లీ ఆంప్‌లు. పిన్ లోపల ఇందాక చెప్పుకున్న 40 ఓమ్‌లు కూడా కలిపితే మొత్తం 110. కరెంట్ 45. గొయ్యి అంచు 40 దగ్గర కదా, అది దాటేసింది. అటు కాయిల్‌కి చేరేది 3.2 వోల్ట్‌లే. ఆ రిలే కొట్టుకోవడానికి 3.75 దాకా కావాల్సి రావచ్చు. అందుకే ఆ ఊగిసలాట. రెండువైపులా నష్టం: రిలేకి చాల్లేదు, పిన్‌కి ఎక్కువైంది. దానికి తోడు, కాయిల్‌ని ఆపిన ప్రతిసారీ అది తిప్పి కొట్టే వోల్టేజ్ దెబ్బని ఆపే డయోడ్ కూడా లేదు.

మల్టీమీటర్ పెట్టి చూడమన్నా. పిన్‌కి ఏమీ కలపకుండా 'హై' చేస్తే 5 వోల్ట్‌లు చూపించింది. ఎల్ఈడీ కలపగానే జారిపోయింది. అదే ఎల్ఈడీ పిన్ 7కి మారిస్తే మామూలుగా వెలిగింది. సగం చచ్చిన పిన్ అంటే ఇదే. ఖాళీగా ఉన్నప్పుడు ఆరోగ్యంగా కనిపిస్తుంది, పని చెబితే పడిపోతుంది. బోర్డు పూర్తిగా పోయి ఉంటే వాడు అరగంటలో కొత్తది తెచ్చుకునేవాడు. సగం పోవడం వల్ల మూడు రాత్రులు తన కోడ్‌ని తనే అనుమానించుకుంటూ గడిపాడు. నా దృష్టిలో బోర్డు ధర కంటే ఇదే పెద్ద నష్టం. నేర్చుకునే వయసులో 'నాకు రావట్లేదు' అనిపించడం చిన్న విషయం కాదు.

ఇది కాక, నెమ్మదిగా జరిగే అరుగుదల ఇంకోటి ఉంది. చిప్ లోపలి లోహపు దారులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. వాటిలో కరెంట్ మరీ ఒత్తిడిగా ప్రవహిస్తే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువుల్నే కొంచెం కొంచెంగా తోసుకుపోతాయి, వాగు ఇసుకని తోసుకుపోయినట్టు. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1969లో ప్రచురించిన సూత్రం ప్రకారం, దారిలో కరెంట్ సాంద్రత రెట్టింపైతే దాని ఆయుష్షు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. వేడి పెరిగితే ఇంకా వేగంగా తగ్గుతుంది. ఎగ్జిబిషన్‌లో రెండు గంటలు నడిచే ప్రాజెక్ట్‌కి ఇది కనపడదు. పొలంలో రెండేళ్లు నడవాల్సిన దానికి కనబడుతుంది.

ఇన్‌పుట్ పిన్‌కి కూడా హద్దుందా?

ఇన్‌పుట్‌గా పెట్టిన పిన్ మామూలుగా కరెంట్ తీసుకోదనే చెప్పాలి. ఏటీమెగా328పీలో లీకేజ్ గరిష్ఠంగా 1 మైక్రో ఆంప్. లోపలి పుల్‌అప్ ఆన్ చేసినా దాని రెసిస్టెన్స్ 20 నుంచి 50 కిలోఓమ్‌లు. బటన్ నొక్కితే పోయేది 0.25 మిల్లీ ఆంప్‌ల లోపే. అందుకే ఇన్‌పుట్ పిన్‌ల గురించి ఎవరూ భయపడరు.

ప్రమాదం రెండు దారుల్లో వస్తుంది. మొదటిది వోల్టేజ్ దారిలో. పిన్ దగ్గర రక్షణ డయోడ్లు ఉంటాయి. చిప్ వోల్టేజ్ కంటే ఎక్కువ వోల్టేజ్ పిన్‌కి వస్తే ఆ డయోడ్ తెరుచుకుని కరెంట్ లోపలికి దూకుతుంది. దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్ తన ఎకో పిన్ మీద 5 వోల్ట్‌లు ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్‌లు తట్టుకునేది 3.3. నేరుగా కలిపితే పిన్‌కి ముప్పే. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్‌లతో ఒక డివైడర్ పెడితే 5 వోల్ట్‌లు 3.3కి దిగుతాయి. రెండు రెసిస్టర్ల ఖర్చు.

రెండో దారి మన కోడే. బటన్ ఒక కొన గ్రౌండ్‌కి, ఇంకో కొన పిన్‌కి. పిన్‌మోడ్‌లో ఇన్‌పుట్ అని రాయాల్సిన చోట కాపీ పేస్ట్ పుణ్యమా అని అవుట్‌పుట్ అని పడింది, పైగా 'హై' చేశాం. బటన్ నొక్కనంతవరకు ఏమీ కాదు. నొక్కిన క్షణం 5 వోల్ట్‌లు నేరుగా గ్రౌండ్‌కి, మధ్యలో పిన్ ట్రాన్సిస్టర్ తప్ప ఏమీ లేదు. తీగ ఒక్కటీ తప్పుగా కట్టలేదు. షార్ట్ సర్క్యూట్ చేసింది ఒక పదం. బటన్‌కి వరసలో 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి ఉంటే అదే పొరపాటుకి పోయేది 5 మిల్లీ ఆంప్‌లే. సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్ ఎలాగో, ఇక్కడ ఈ రెసిస్టర్ అలాగ.

'ఒక పిన్ చాలకపోతే రెండు పిన్‌లు కలిపి కడితే?' అనే ప్రశ్నకి కూడా జవాబు ఇదే. కోడ్‌లో ఒకటి 'హై' అయ్యి రెండోది ఇంకా 'లో'లో ఉన్న ఆ క్షణంలో రెండు పిన్‌లూ ఒకదాన్నొకటి షార్ట్ చేసుకుంటాయి.

పిన్ మాట చెప్పాలి, మూట మోయకూడదు

మరి మోటార్ ఎలా తిప్పాలి? రిలే ఎలా కొట్టాలి? దీనికి మన పొలాల్లోనే మంచి ఉదాహరణ ఉంది.

బోరు మోటార్‌కి పెట్టే సెల్ స్టార్టర్ చూసే ఉంటారు. ఇంట్లో మంచం మీద నుంచి కాల్ చేస్తే పొలంలో మోటార్ ఆన్ అవుతుంది. 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటార్ సుమారు 7, 8 ఆంప్‌లు తీసుకుంటుంది. దాన్ని నడిపించేది లోపలున్న చిన్న చిప్ పిన్. ఆ పిన్ నుంచి వెళ్లేది కొన్ని మిల్లీ ఆంప్‌లు. పిన్ ట్రాన్సిస్టర్‌కి చెబుతుంది. ట్రాన్సిస్టర్ రిలేని లాగుతుంది. రిలే కాంటాక్టర్ కాయిల్‌కి కరెంట్ ఇస్తుంది. కాంటాక్టర్ మోటార్‌ని కలుపుతుంది. ప్రతి మెట్టూ తన కంటే పెద్దదాన్ని లేపుతుంది, ఏ మెట్టూ తన శక్తికి మించి మోయదు. ఊళ్లో పెద్దాయన ఒక్క మాట చెబితే పది మంది వచ్చి రథం లాగినట్టు. పెద్దాయన్నే రథం లాగమంటే నడుం విరుగుతుంది.

మన ప్రాజెక్ట్‌లో ఆ మెట్టు ఒక ట్రాన్సిస్టర్. రిలే కోరే 71 మిల్లీ ఆంప్‌లకి బీసీ547 సరిపోతుంది, దాని హద్దు 100. ఇంకాస్త వెసులుబాటు కావాలంటే 2ఎన్2222. పిన్‌కీ బేస్‌కీ మధ్య 1 కిలోఓమ్ రెసిస్టర్. 5 లోంచి బేస్ దగ్గర పోయే 0.7 తీస్తే 4.3, అంటే పిన్ ఇచ్చేది 4.3 మిల్లీ ఆంప్‌లు. ఊనో ఆర్4 హద్దు 8లో కూడా ఇది హాయిగా ఇముడుతుంది. కాయిల్‌కి అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. ఎక్కువ రిలేలు, స్టెప్పర్ మోటార్ ఉంటే యూఎల్ఎన్2003 చిప్ ఒకటి. అందులో ఏడు దారులు, ఒక్కోటి 500 మిల్లీ ఆంప్‌ల వరకు, డయోడ్లు లోపలే ఉంటాయి. కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ కలిపి కొన్నా బోర్డు ధరతో పోలిస్తే లెక్కలోకి రావు. మార్కెట్లో దొరికే రిలే మాడ్యూల్‌లో ఆ ట్రాన్సిస్టర్, డయోడ్ ముందే ఉంటాయి. విడి రిలేకీ మాడ్యూల్‌కీ అసలు తేడా అదే.

ఇంతా చదివాక గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగే. ఒకటి, మీ చిప్ డేటాషీట్ తెరిచి 'అబ్సల్యూట్ మాక్సిమమ్' పట్టిక ఒకసారి, 'డీసీ క్యారెక్టరిస్టిక్స్' పట్టిక ఒకసారి చూడండి. మొదటిది దాటకూడని గీత, రెండోది మీరు డిజైన్ చేయాల్సిన అంకె. రెండు, అన్ని పిన్‌లూ ఒకేసారి ఆన్ అయితే మొత్తం ఎంతో కాగితం మీద కూడండి. మూడు, తిరిగేది, కొట్టుకునేది, మోగేది ఏదైనా పిన్‌కి నేరుగా కట్టే ముందు అది ఎంత కరెంట్ తీసుకుంటుందో చూడండి. ఎక్కువైతే మధ్యలో ట్రాన్సిస్టర్. నాలుగు, అనుమానం వస్తే కొలవండి. దానికి సర్క్యూట్ విప్పక్కర్లేదు. మల్టీమీటర్‌ని వోల్టేజ్‌లో పెట్టి రెసిస్టర్ రెండు కొనల మధ్య చూడండి. 330 ఓమ్‌ల మీద 3 వోల్ట్‌లు ఉంటే 9 మిల్లీ ఆంప్‌లు పోతున్నట్టే.

మా తమ్ముడి ప్రాజెక్ట్ పిన్ 7 మీద రివ్యూ దాటింది, మధ్యలో ఒక బీసీ547తో. పాత పిన్ 8 పక్కన వాడు మార్కర్‌తో చిన్న ఇంటూ గుర్తు పెట్టాడు. ఆ బోర్డు ఇప్పుడు వాళ్ల జూనియర్ల దగ్గర ఉంది. ఆ గుర్తు ఎందుకుందో వాళ్లు అడిగినప్పుడల్లా ఈ లెక్క మొత్తం చెబుతున్నాడట.